నడిమి గడిలో అయిదు

మా పక్క షాపులో కాటాలు బాగుచేసే మేస్త్రి గురించి చెప్పాలంటే ఆయన నెత్తిమీద వేలాడే ఇత్తడి పళ్ళెం దగ్గర మొదలుపెట్టాలి. ఆయన దగ్గరే మొదలుపెడదామంటే ఏమీ దొరకదు. నోట్లో నాలుక లేని మనిషి. అడిగినదానికి జవాబు చెప్పి, చెప్పినందుకు కూడా కాస్త మొహమాటపడే రకం.

నేను గొడుగులు, చేతిసంచులు బాగుచేస్తాను. మా రెండు షాపులకీ మధ్య ఉన్నది ఒక చెక్క అడ్డం. ఇటు నా చేతిలోంచి సూది జారిపడితే అటునుంచి "దొరికిందా చెల్లెమ్మా" అని వినిపిస్తుంది. అంత దగ్గర. అయినా ఆ మనిషి మనసులో ఏముందో తెలుసుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. తెలిసిన రోజున ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను.

ఆ పళ్ళెం చదరంగా ఉంటుంది. నాలుగు మూలల నుంచీ నాలుగు గొలుసులు పైకి వెళ్ళి ఒకే కొక్కేనికి తగులుకుంటాయి. లోపల మూడు వరసల్లో తొమ్మిది గళ్ళు. గడికొక ఇత్తడి పెట్టె. తొమ్మిదీ కవల పిల్లల్లా ఒకేలా ఉంటాయి గానీ లోపలి సీసంలోనే ఉంది తేడా అంతా. ఒకదాని బరువు ఒక పాలు, ఇంకొకదానిది రెండు పాళ్ళు, అలా తొమ్మిది దాకా. పైన అంకె లేదు, గుర్తు లేదు. చేతిలోకి తీసుకుని బరువు చూసి తెలుసుకోవాల్సిందే. మేస్త్రి వాళ్ళ నాన్న చేసిన ఆటవస్తువు అది. ఆయనా కాటాల మనిషే. ముగ్గురు పిల్లలకి లెక్కలు రావాలని చేశాడట. పలక కొనిస్తే పోయేదానికి ఇంత హైరానా పడ్డాడు.

ఆట ఏమిటంటే, అడ్డంగా కూడినా, నిలువుగా కూడినా, మూల నుంచి మూలకి కూడినా పదిహేనే వచ్చేలా పెట్టెలు అమర్చాలి. ఈ ఇంట్లో ఆ పని ముగ్గురికీ పంచి ఇచ్చారు. మూలల్లో ఉండాల్సిన రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది అక్కవి. పక్కల్లో ఉండాల్సిన ఒకటి, మూడు, ఏడు, తొమ్మిది తమ్ముడివి. మధ్యలోది మాత్రం నడిపివాడైన మన మేస్త్రిది. ఆటలో ఇంకో పంపకం కూడా ఉండేది. తమ్ముడు పెట్టెలు జరుపుతాడు, అక్క వేళ్ళమీద కూడుతుంది, మేస్త్రి పళ్ళెం సమంగా నిలబడిందో లేదో చూస్తాడు.

"వాళ్ళకి నాలుగేసి, నాకు ఒక్కటేనా అని ఏడ్చానట" అని ఒకసారి నాతో చెప్పాడు. "మూలనున్న పెట్టె మూడు వరసల్లో పడుతుందిరా, పక్కనున్నది రెండింట్లోనే, నీది నాలుగింట్లో పడుతుంది అన్నాడు నాన్న. ఏడుపు ఆపేశా."

"మధ్యలో అయిదే ఎందుకుండాలి? నాలుగు పెడితే కొంప మునుగుతుందా?" అన్నాను నేను, ఊరుకోలేక.

అంతే, నా కౌంటరు మీదున్న గుండీలన్నీ పరిచేశాడు. మధ్య గడి మీదుగా పోయే వరసలు నాలుగు. ఒక్కోటి పదిహేను, మొత్తం అరవై. ఆ నాలుగు వరసల్లో తొమ్మిది అంకెలూ వచ్చేస్తాయి, వాటి మొత్తం నలభై అయిదు. మరి అరవై ఎలా అయింది? మిగతావి ఒక్కసారే వచ్చాయి, మధ్యది మాత్రం నాలుగుసార్లు వచ్చింది. అంటే అది అదనంగా వచ్చింది మూడుసార్లు. ఆ మూడూ కలిపి పదిహేను. కాబట్టి ఒక్కోటి అయిదు. నా తల బొప్పి కట్టింది గానీ అర్థమైంది. గుండీలు మళ్ళీ రంగులవారీగా సర్దుకునేసరికి సాయంత్రమైంది.

షాపుకొచ్చినవాళ్ళు పైకి చూసి ఇదేమిటని అడిగితే మాత్రం మేస్త్రికి నాలుక మొలిచేది. చైనాలో పాత కథ ఒకటుంది, నదిలోంచి తాబేలు వచ్చిందట, దాని వీపు మీద చుక్కలన్నీ ఇలాగే ఉన్నాయట, నడుమ అయిదు చుక్కలట. "తాబేలు సంగతి నమ్మకపోయినా ఫరవాలేదు, లెక్క నిజం" అనేవాడు. దాదాపు పదిహేను వందల ఏళ్ళ కిందట ఒక జ్యోతిష పండితుడు అత్తరు కలిపే దినుసుల పాళ్ళు పదహారు గళ్ళ చదరంలో రాసిపెట్టాడట. ఎటు కూడినా పద్దెనిమిది పాళ్ళే. మూడు వందల ఏళ్ళ కిందట ఒక ఫ్రెంచి రాయబారి సయాం దేశం వెళ్ళి, బేసి వరసల చదరాలు చకచకా నింపే సులువు పట్టుకొచ్చాడట. రాయబారం ఏమైందో మేస్త్రికి తెలియదు, సులువు మాత్రం తెలుసు.

ఇంకో మాట కూడా చెప్పేవాడు. మూడు వరసల చదరానికి ఉన్నది ఒకే అమరిక. తిప్పి చూసినా, అద్దంలో చూసినా అదే ఎనిమిది వేషాలు వేస్తుంది. నాలుగు వరసలకి వెళితే ఎనిమిది వందల ఎనభై అమరికలు. "ఇల్లు పెద్దదైతే సర్దుకోవడానికి నానా దారులుంటాయి. చిన్న ఇంట్లో ఎవరి చోటు వాళ్ళదే" అని నవ్వేవాడు.

ఆయన గోడ మీద పాత పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ ఒకటుంది. అయిదు వందల ఏళ్ళ నాటిది. రెక్కలున్న మనిషి చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చుని ఉంటుంది. వెనక గోడకి గంట, గంట కింద పదహారు గళ్ళ చదరం, ఎటు కూడినా ముప్పై నాలుగు. అడుగు వరసలో మధ్య రెండు గళ్ళూ కలిపి చదివితే ఆ బొమ్మ చెక్కిన ఏడాది వస్తుందట. అదే గోడకి ఒక త్రాసు, రెండు పళ్ళాలూ ఖాళీ.

"ఎందుకన్నయ్యా అంత దిగులు ఈ మనిషికి? పనిముట్లన్నీ ఉన్నాయిగా చుట్టూ" అన్నాను.

"పనిముట్లున్నాయి. పని చెప్పేవాళ్ళు లేరనుకుంటా" అన్నాడు.

పెళ్ళెందుకు చేసుకోలేదని కూడా అడిగేశాను ఒక వానాకాలంలో. గొడుగుల పనితో చేతులకి తీరిక లేదు, నోరు ఖాళీగా ఉంది. ఆయన తడుముకోకుండా చెప్పాడు. "రెండు వరసల చదరం కుదరదు చెల్లెమ్మా. అన్నివైపులా సరిపోవాలంటే నాలుగు గళ్ళలోనూ ఒకే అంకె ఉండాలి. అదేం చదరం?"

"మరి ఒక్క గడిది?"

"అది ఎప్పుడూ కుదురుతుంది. ఎటు కూడినా అదే."

చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఒక్క గడి నాకు తెలుసు. షాపు మీద గది, ఒక మంచం, ఒక పళ్ళెం, ఒక గ్లాసు, బట్టలు ఆరేసుకునే తీగ.

ఇంత ఒంటరి మనిషి కూడా చాలా ఏళ్ళు తీరిక లేకుండా బతికాడు. కారణం అక్కా తమ్ముళ్ళ పేచీ. నాన్న పోయాక ఆయన లేతు మిషను తమ్ముడు అక్కని అడక్కుండా అమ్మేశాడు. అంతే, ఇద్దరూ ఎడమొహం పెడమొహం. అక్క ఒక పెద్దాసుపత్రిలో దుప్పట్లు, పరుపుగుడ్డలు ఉతికే విభాగం చూసేది. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇద్దరూ ఉండేది వేరే ఊళ్ళలో. కబురు ఏదైనా నడిపివాడి మీదుగా వెళ్ళాల్సిందే. రోజూ సాయంత్రం ఈయన ఫోను రెండుసార్లు మోగేది. చెక్క అడ్డం పుణ్యమా అని అన్నీ నా చెవిన పడేవి.

కాటా రాళ్ళ అడుగున ఒక గుంట ఉంటుంది. రాయి బరువు తగ్గితే అందులో కాస్త సీసం పోస్తారు, ఎక్కువైతే కాస్త గీకేస్తారు. మేస్త్రి కబుర్లనీ అలాగే సరిచేసేవాడు. "ఆ వెధవ బతికే ఉన్నాడా" అని అక్క అంటే, తమ్ముడితో "అక్క నీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది" అనేవాడు. "ఆవిడ పెత్తనం ఆసుపత్రిలో చూపించుకోమను" అని తమ్ముడంటే, అక్కతో "ఆసుపత్రిలో పని ఎక్కువై అలిసిపోతున్నావేమోనట" అనేవాడు. ఒకవైపు గీకి, ఇంకోవైపు పోసి, ఆ ఇద్దరినీ ఏళ్ళ తరబడి సమంగా నిలబెట్టాడు. ఆ పని చేస్తున్నంతకాలం ఆయన మొహంలో ఒక వెలుగుండేది.

తర్వాత తమ్ముడికి కడుపులో ఆపరేషనైంది. చేర్చింది అక్క పనిచేసే ఆసుపత్రిలోనే. ఆవిడ దుప్పట్ల బండి తోసుకుంటూ వార్డులోకి వెళితే మంచం మీద తమ్ముడు. ఏం మాట్లాడుకున్నారో గానీ ఆ రోజుతో పేచీ పోయింది. ఆ కబురు తెలిసినప్పుడు మేస్త్రి కళ్ళనీళ్ళతో నా షాపులోకి వచ్చి చెప్పాడు. "కలిసిపోయారు చెల్లెమ్మా. ఇంక నా పని అయిపోయింది."

సంతోషంగానే అన్నాడు ఆ మాట. అది ఎంత నిజమో మా ఇద్దరికీ అప్పుడు తెలియదు. అక్కా తమ్ముళ్ళు రోజూ నేరుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, పోగొట్టుకున్న ఏళ్ళన్నీ వడ్డీతో సహా రాబట్టుకుంటున్నట్టు. ఈయన ఫోను మోగడం మానేసింది. సాయంత్రమయ్యేసరికి దాన్ని తుడిచి కౌంటరు మీద పెట్టుకుని కూర్చునేవాడు. అదీ ఈ చెక్క సందులోంచి నేను చూశాను. పనీ తగ్గింది. కరెంటు కాటాలొచ్చాక ముల్లు కాటా ఎవరికి కావాలి? కూరగాయలమ్మే ఒకావిడ మాత్రం పాత రాళ్ళు పట్టుకుని వచ్చేది.

ఒక గురువారం నన్ను పిలిచాడు. "ఇటు రా, ఒకటి చూపిస్తా." స్టూలెక్కి, పళ్ళెంలో నడిమి పెట్టె మెల్లగా పైకి తీశాడు. పళ్ళెం చెక్కుచెదరలేదు.

"చూశావా? అక్కవీ తమ్ముడివీ కలిసి నాలుగు అంచుల్లోనూ పదిహేనేసి పాళ్ళున్నాయి. ఎదురెదురు అంచులు సమం. మధ్యది సరిగ్గా కొక్కెం కింద ఉంది, అది ఏ వైపుకీ బరువు కాదు. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇన్నేళ్ళు నాకు తట్టలేదు."

"అయితే?" అన్నాను.

"హైవే మీద లారీలు తూచే వేబ్రిడ్జిలో మనిషి కావాలట. ఒక గది, ఒక కిటికీ. డ్రైవర్లు దిగను కూడా దిగరు. సోమవారం వెళ్ళిపోతున్నా. అక్కకీ తమ్ముడికీ చెప్పకు. వాళ్ళకి తెలిసినప్పుడు తెలుస్తుంది." షాపు తాళంచెవి నా చేతిలో పెట్టాడు, నెలాఖరుకి ఓనరుకి ఇచ్చెయ్యమని.

ఆ సాయంత్రం సీసం కరిగిన వాసన వచ్చింది. అయిదు పెట్టె మూత విప్పి, లోపలి సీసమంతా కరిగించి, కూరగాయలావిడ అరిగిపోయిన రాళ్ళలో పోసేశాడు. ఖాళీ పెట్టె మాత్రం మళ్ళీ మధ్య గడిలో పెట్టాడు, బోసిగా కనపడకుండా. నేను తిట్టాను. ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. కాటా చూపించింది కదా, కాటా అబద్ధం చెప్పదు. కాటాలతో బతికిన మనిషికి అంతకంటే పెద్ద సాక్ష్యం ఉండదు. అది తప్పని నాకు తెలుసు, ఎక్కడ తప్పో చెప్పడానికి నాకు లెక్క రాదు. ఆ రెండు రోజులూ కాలు గాలిన పిల్లిలా తిరిగాను.

శనివారం మధ్యాహ్నం అక్క దిగింది. నేను ఆవిడని చూడటం అదే మొదలు. నిలువెత్తు మనిషి, సబ్బునీళ్ళకి పగుళ్ళిచ్చిన చేతులు. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఒరేయ్ నడిపోడా, పళ్ళెం తీసుకెళ్దామని వచ్చాన్రా. చిన్నోడి మనవరాలు లెక్కలంటే భయపడుతోందట. దానికిద్దామని అనుకున్నాం."

"ఎప్పుడనుకున్నారు?"

"పోయినవారం. వాడు నీకు చెప్పలేదా? చెప్పాడనుకున్నానే."

"నువ్వు చెప్పావని వాడు అనుకుని ఉంటాడు" అన్నాడు మేస్త్రి. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేదో. "తీసుకెళ్ళక్కా. మంచి పని."

పళ్ళేన్ని కొక్కెం నుంచి దించి, పెట్టెలతో సహా కౌంటరు మీద పెట్టాడు. సంచిలో సర్దబోతుంటే అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆగరా. నా చేతికి ఇంకా గుర్తుందో లేదో చూడనీ." నన్ను స్టూలు అడిగి తీసుకుని, కూర్చుని, కళ్ళు మూసుకుంది. ఒక మూల పెట్టె తీసి అరచేతిలో ఆడించింది. "ఎనిమిది." దాని ఎదురు మూలది. "రెండు." ఒక్కటీ తప్పలేదు. తమ్ముడివి కూడా చెప్పేసింది, చిన్నపిల్లలా నవ్వుకుంటూ. చివరికి నడిమి పెట్టె మీద చెయ్యి వేసింది. "ఇది చూడకుండానే చెప్తా."

ఆ చెయ్యి అయిదు పాళ్ళ బరువు కోసం సిద్ధపడి లేచింది. లేని మెట్టు మీద కాలు వేసినట్టయింది ఆవిడకి. చెయ్యి గాల్లోకి ఎగిరింది. కళ్ళు తెరిచింది.

"ఇదేంట్రా, బోలుగా ఉంది."

"ఏం కాదక్కా. అది లేకపోయినా పళ్ళెం నిలబడుతుంది. ఇప్పుడు నువ్వొచ్చినప్పుడు కూడా సమంగానే ఉంది, చూశావుగా."

"నిలబడితే?"

"నిలబడితే సరిపోయినట్టేగా."

ఆవిడ పెట్టెలన్నీ తిరిగి వాటి గళ్ళలో పెట్టింది. ఒక్కోదాని మీదా వేలు పెడుతూ పైకి కూడింది. "రెండు, ఎనిమిది. పదే. నాలుగు, ఆరు. పదే. తొమ్మిది, ఒకటి. ఏడు, మూడు." వేలు నడిమి పెట్టె మీద ఆగింది. "నాలుగు చోట్ల తక్కువొచ్చిందిరా. కాటాకి కూడటం రాదు. నాన్నకి ఆ సంగతి తెలుసు. అందుకే నిన్ను చూడమని, నన్ను కూడమనేవాడు."

మేస్త్రి తల దించుకున్నాడు. ఇంక నోరు మూసుకుని ఉండటం నా వల్ల కాలేదు. తాళంచెవి తెచ్చి కౌంటరు మీద ఠప్పున పెట్టి, వేబ్రిడ్జి సంగతి, సోమవారం సంగతి అంతా చెప్పేశాను. చెప్పకు అన్నవాడు నా వైపు చూశాడు. చూస్తే చూశాడు.

అక్క ఫోను తీసింది.

"చిన్నోడా, పళ్ళెం ఇప్పుడివ్వడం కుదరదు. నడిపోడి పెట్టె బోలైపోయింది."

అవతల తమ్ముడు అడిగిన మాట నాకూ వినపడింది. "ఎప్పట్నుంచక్కా?"

తమ్ముడు వింటుండగానే ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుని, పగిలిన ఆ చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి మేస్త్రి కంగారుపడిపోయాడు. తన కోసం ఎవరైనా ఏడిస్తే ఏం చేయాలో తెలుసుకునే అవసరం ఆయనకెప్పుడూ పడలేదు. మంచినీళ్ళు తెచ్చాడు, తెచ్చిన గ్లాసు ఇవ్వడం మరిచిపోయి పట్టుకుని నిలబడ్డాడు.

కొంతసేపటికి అక్క కొంగుతో మొహం తుడుచుకుని, "పొయ్యి వెలిగించు" అంది.

మేస్త్రి డబ్బా అడుగున మిగిలిన సీసం ముక్కలు కరిగించాడు. పెట్టెలో కొంచెం పోసి, చల్లారాక కాటా మీద పెట్టబోయాడు. అక్క చటుక్కున లాక్కుంది.

"కాటా వద్దు. నేను చెప్తా." అరచేతిలో పెట్టుకుని ఆడించింది. "తక్కువ. ఇంకాస్త పొయ్యి."

మళ్ళీ పోశాడు, మళ్ళీ చల్లార్చాడు.

"ఇంకా తక్కువే."

"సరిపోయిందక్కా."

"నీ సంగతి నీకేం తెలుసు? ఇంకొంచెం పొయ్యి."

ఎన్నిసార్లు పోయించిందో నేను లెక్కపెట్టలేదు. చివరికి ఆవిడ చెయ్యి కిందికి దిగి ఆగింది. పెట్టె మేస్త్రి చేతికిచ్చింది. "నువ్వే పెట్టుకో. నీది."

ఆయన ముందు కౌంటరు మీది తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత పళ్ళేన్ని కొక్కేనికి తగిలించి, స్టూలెక్కి, పెట్టె నడిమి గడిలో పెట్టాడు. పళ్ళెం ఎప్పటిలాగే వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కింద నిలబడి అక్క, ఆవిడ చేతిలో ఇంకా కట్టెయ్యని ఫోనులోంచి తమ్ముడు, ఇద్దరూ కలిసి పైకి కూడటం మొదలుపెట్టారు.